కుడి చెయ్యి పైలం

వైకుంఠం రోడ్‌లైన్స్ లైసెన్సు పోవడానికి మొదటి కారణం మా అన్న డానియేలు మొహం జెరాక్సులో బాగా పడటం. మిగతా డ్రైవర్ల లైసెన్సు కాపీల్లో మొహాలు తారుడబ్బాలో ముంచి తీసినట్టుండేవి. అన్నది మాత్రం మీసం వెంట్రుకలతో సహా కనిపించేది. అందుకని ఒకేసారి యాభై కాపీలు తీయించి నా సొరుగులో పెట్టుకున్నాను. లారీ బయల్దేరే ముందు ట్రిప్ షీటుకు డ్రైవర్ లైసెన్సు కాపీ జతచేయాలి. వచ్చిన డ్రైవర్ లైసెన్సు గడువు తీరిపోయిందా, కాపీ తేవడం మరిచాడా, అన్న కాపీ ఒకటి పిన్ను కొట్టి పంపేసేదాన్ని. కాగితాల్లో మా అన్న ఒకే రోజున గుల్బర్గాలోనూ సూర్యాపేటలోనూ ఉండేవాడు. మనిషి మాత్రం ఉప్పుగూడలో మా ఇంట్లో కూర్చుని అమ్మ పెట్టిన పప్పుచారన్నం తింటుండేవాడు. ఈ సంగతి కంపెనీ యజమాని సేటుకు తెలుసు. "నడవనీ బిడ్డా, ఎవడు చూస్తడు" అనేవాడు.

నా పేరు స్వరూప. శాలిబండలో సేటు బుకింగ్ ఆఫీసులో పదకొండేళ్లు గుమస్తాగా చేశాను. నాకు కోపం ఎక్కువ. చర్చిలో నా పక్కన చోటు ఖాళీగా ఉన్నా మా పాస్టరమ్మ ఒకసారి ఆలోచించుకుని కూర్చుంటుంది. చెప్పేది నేనే కాబట్టి నన్ను నేను మంచిదాన్ని చేసుకుని చెప్పుకోవచ్చు, కానీ ఆ పిన్నులు కొట్టింది నా చెయ్యే. దాన్ని ముందే ఒప్పుకుంటున్నాను.

లారీల వాళ్లకు ఇంకో అలవాటుంది. దాన్ని కేసు మీదేసుకోవడం అంటారు. యాక్సిడెంట్ అయితే స్టీరింగ్ ముందు కూర్చున్నవాడు స్టేషన్‌కు పోడు. లైసెన్సు సరిగ్గా ఉన్న ఇంకో డ్రైవర్ పోయి "నేనే నడిపిన" అంటాడు. వాడు బయటికి వచ్చేదాకా వాడి ఇల్లు సేటు చూసుకోవాలి, వకీలును సేటే పెట్టాలి. అలా మీదేసుకున్నవాడికి యార్డులో మర్యాద కూడా ఉంటుంది. దసరాకు లారీల పూజ అయ్యాక మొదటి మిఠాయి డబ్బా వాడి చేతికే ఇస్తారు. ఇది తప్పని ఎవరికీ తట్టదు. మా నాయన కూడా సేటు దగ్గర డ్రైవరే. బతికున్నప్పుడు రెండుసార్లు మీదేసుకున్నాడట. మా అమ్మ సుందరమ్మ ఆ మాట నలుగురిలో గొప్పగానే చెప్పుకునేది.

జూన్‌లో ఒక రోజు మధ్యాహ్నం నాలుగింటికి, మా అన్న నడిపే పది టైర్ల లారీని మెకానిక్ షెడ్డు నుంచి జల్‌పల్లి యార్డుకు నేను తెస్తానని సేటు కొడుకు మనీష్ ఎక్కాడు. ముప్పై నాలుగేళ్లవాడు. పెద్ద బండి లైసెన్సు లేదు కానీ తనంత డ్రైవర్ హైదరాబాదులో లేడని నమ్మకం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, గోడకు గుద్దితే గోడది తప్పు, గేటుకు గీరితే గేటుది తప్పు. డ్రైవర్లు చాటుగా నవ్వుకునేవాళ్లు. ఎదురుగా నవ్వినవాడికి చెంపలు వాచేవి.

యార్డు మలుపులో జోయెల్ అనే వెల్డర్ స్కూటర్ మీద ఎదురొచ్చాడు. కంచన్‌బాగ్‌లో కాంట్రాక్టు పని ముగించుకుని ఇంటికి పోతున్నాడు. లారీ గుద్దింది. ముందు టైరు నడుము మీదికి ఎక్కింది. అక్కడ ఆపి ఉంటే కాళ్లు పోయినా ప్రాణం దక్కేదని తర్వాత డాక్టర్లు అన్నారట. ఆపలేదు. వెనక టైర్లు కూడా మీది నుంచే పోయాయి. అతని టిఫిన్ డబ్బా అప్పడంలా అయి రోడ్డుకు అతుక్కుపోతే, యార్డు చూసుకునే ఎల్లప్ప గడ్డపారతో గీకి తీశాడు.

మనీష్ లారీని రోడ్డు మీదే వదిలేసి యార్డులోకి పరిగెత్తాడు. ఎల్లప్ప గేటు మూశాడు. అరగంటలో సేటు మా ఇంటికి ఫోన్ చేశాడు. అన్న ఆ రోజు జ్వరంతో పడుకుని ఉన్నాడు, వాణ్ని చూసుకుందామని నేనూ మధ్యాహ్నమే ఆఫీసు నుంచి వచ్చేశాను. లేచి చొక్కా మార్చుకున్నాడు. అమ్మ వాడి తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసింది. ఆటో ఎక్కి స్టేషన్‌కు పోయి, "నేనే నడిపిన" అన్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను గానీ ఆపలేదు.

తంటా ఎక్కడొచ్చిందంటే, సరిగ్గా అదే నాలుగింటికి కర్నూలు రోడ్డులో రవాణా శాఖవాళ్లు మా బియ్యం లారీ ఒకటి ఆపి తనిఖీ చేశారు. ట్రిప్ షీటులో డ్రైవర్ డానియేలు. నేను కొట్టిన పిన్నే. ఒకే మనిషి ఒకే గంటలో జల్‌పల్లిలో ఒకణ్ని చంపాడు, కర్నూలు రోడ్డులో బియ్యం తోలాడు. నోటీసు వచ్చింది. సేటు ఏదో అబద్ధం రాయించి పంపాడు. ఆగస్టులో ఉత్తర్వు వచ్చింది: తప్పుడు రికార్డులు పెట్టినందుకు వైకుంఠం రోడ్‌లైన్స్‌కు సరుకు రవాణా చేసే హక్కు రద్దు. పదకొండు లారీలు యార్డులో నిలబడిపోయాయి. వానలకు టైర్ల చుట్టూ గడ్డి మొలిచింది. డ్రైవర్లు ఒక్కొక్కరే ఆటోలు అద్దెకు తీసుకున్నారు. అప్పీలు వేస్తే అక్టోబర్‌లో ఒక గురువారం మధ్యాహ్నం మూడింటికి విచారణ అన్నారు. అదే ఆఖరి అవకాశం.

వకీలు రెండు దారులు చెప్పాడు. నిజం చెప్పి, నడిపింది మనీష్ అని ఒప్పుకుని, ఇకమీద రికార్డులు సరిగ్గా పెడతామని రాసిస్తే లైసెన్సు తిరిగిరావచ్చు, కానీ మనీష్ జైలుకు పోతాడు. రెండోది, కంపెనీకి ఏమీ తెలియదని చెప్పి మొత్తం తప్పు డానియేలు మీదికి తోయడం. అడగాల్సిన పనే లేదు, సేటు రెండోది పట్టుకున్నాడు.

ఆ గురువారం పొద్దున తొమ్మిదింటికి ఫైళ్లన్నీ తీసుకుని జల్‌పల్లి రమ్మన్నాడు. నేను పోయేసరికి అన్న అక్కడే ఉన్నాడు. బెయిలు మీద బయటికి వచ్చి మూడు నెలలైంది. యార్డులో రేకుల గది, గదిలో ఒక ఇనుప టేబుల్, ఒక బీరువా. సేటు టేబుల్ దగ్గర కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. మనీష్ కిటికీ దగ్గర, ఎల్లప్ప గుమ్మంలో. సేటు అఫిడవిట్ నా చేతికిచ్చి చదవమన్నాడు.

డానియేలు అనే నేను, యజమానికి తెలియకుండా లారీ తాళంచెవి దొంగిలించి, సొంత అవసరానికి బండి తీసుకుపోయి యాక్సిడెంట్ చేశాను. నా లైసెన్సు కాపీని దొంగచాటుగా ఇంకొకరికి ఇచ్చి బియ్యం లారీ మీదికి పంపాను. కంపెనీకి ఈ విషయాలేవీ తెలియవు. అదీ దాని సారం. చదువుతుంటేనే నా చెవులు వేడెక్కాయి.

అన్న మొత్తం విన్నాడు. "సేటు, కేసు మీదేసుకున్న. కాదంటలేను. శిక్ష పడ్డా పోత" అన్నాడు. "గని తాళం దొంగతనం చేసిన్నని ఎట్ల సంతకం పెట్టాలె? ఇరవై ఏండ్ల సంది ఈ బండ్ల తాళాలు నా జేబులనే ఉంటున్నయ్ గద."

"కాగితం మీద మాట అది, డానియేలు. నీ మొహం మీద రాస్తున్నమా" అన్నాడు సేటు.

"బయటికి పోతే జోయెల్ ఇంటోళ్లు చూస్తరు సేటు. చంపినోడని చూస్తరు, ఓర్చుకుంటున్న. దొంగ అంటె మా అమ్మ ఓర్చుకోదు. నిజం జెప్పుర్రి. వకీల్ సాబ్ గూడ నిజం జెప్తె లైసెన్స్ వస్తదన్నడంట."

ఆ మాట పూర్తి కాలేదు. మనీష్ రెండడుగుల్లో వచ్చి అన్నను చెంప మీద కొట్టాడు. "నిజమంటె ఏంది బే? నన్ను లోపలేసి నువ్వు దావత్ చేసుకుంటవా?" అంటూ ఇంకోటి కొట్టాడు. అన్న ఎత్తరి. నిలబడితే మనీష్ వాడి గడ్డం దాకా వస్తాడు. అయినా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. అది మనీష్‌కు ఇంకా మండింది. మోకాలితో పొత్తికడుపులో పొడిచాడు. అన్న వంగిపోతే మెడ మీద మోచేత్తో కొట్టాడు, కింద పడ్డాక చెప్పుకాలితో డొక్కలో తన్నాడు. ఒకటి, రెండు, మూడు. ఊపిరి అందక అన్న నోటి నుంచి ఒక రకం మూలుగు వచ్చింది. నేను అడ్డం పోతే ఎల్లప్ప నా జబ్బ పట్టుకుని గోడ వైపు తోశాడు. ఎల్లప్పా మా అన్నా పదిహేనేళ్లుగా ఒకే డబ్బాలో తిన్నవాళ్లు.

"పెడతవా, పెట్టవా?"

"దొంగ అని పెట్టను" అన్నాడు అన్న నేల మీది నుంచే.

మనీష్ మూలనున్న జాకీ రాడ్ తీసుకున్నాడు. ఎల్లప్ప అన్నను లేపి టేబుల్ దగ్గరికి ఈడ్చాడు. సేటు తన ఇడ్లీ ప్లేటు కొంచెం పక్కకు జరుపుకున్నాడు. ఆపుతాడేమో అనుకున్నాను, మా నాయన చచ్చిపోయినప్పుడు పాడె పట్టిన మనిషి. సేటు కొడుకు వైపు చూసి, పచ్చడి నాకుతూ, "కుడి చెయ్యి పైలం. సంతకం కావాలె" అన్నాడు.

సేటుకు పెద్దల నాటి నుంచి లారీలున్నాయి గానీ ఏనాడూ స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషి కాదు. ఆయనకు చెయ్యంటే సంతకం పెట్టేది. డ్రైవర్‌కు కూడు పెట్టేది ఎడమ చెయ్యి. గేరు వేసేది అదే. మనీష్‌కు ఆ సంగతి తెలుసు. తెలిసే అన్న ఎడమ చెయ్యి టేబుల్ మీద చాపించి, ఎల్లప్పను మణికట్టు నొక్కిపట్టమన్నాడు.

మొదటి దెబ్బకు అన్న అరిచాడు. రెండో దెబ్బకు ఎండు చెరుకు విరిగిన చప్పుడైంది. వేళ్లు వేరే వైపుకు తిరిగి ఉన్నాయి. మూడో దెబ్బకు అన్న అరవలేదు, "యేసయ్యా" అని చిన్నగా అన్నాడు. అదే నేను తట్టుకోలేకపోయాను. చిన్నప్పుడు మా నాయన బెల్టుతో కొడితే మేమిద్దరం అలాగే అనేవాళ్లం.

బీరువా మీద పంచింగ్ మిషన్ ఉంది, ఫైళ్లకు రంధ్రాలు చేసేది, రెండు కిలోల ఇనుము. ఎప్పుడు అందుకున్నానో తెలియదు. మనీష్ నాలుగోసారి రాడ్ ఎత్తినప్పుడు వాడి మూతి మీద కొట్టాను. పెదవి చీలింది. ఒక పన్ను వచ్చి సేటు ఇడ్లీ ప్లేటులో పడింది. మళ్లీ కొట్టాను, చెవి మీద. మూడోసారి కొడితే చచ్చిపోతాడని తెలిసే ఎత్తాను. చెప్పేది చెప్పాలి కదా, చంపాలనే ఎత్తాను. ఎల్లప్ప వెనక నుంచి వచ్చి నా చెయ్యి మెలితిప్పాడు. మిషన్ నా కాలి మీదే పడింది. మనీష్ నా జడ పట్టుకుని నా తల బీరువాకు రెండుసార్లు గుద్దాడు. కళ్ల ముందు అంతా పచ్చబడిపోయింది.

"ఆపు" అన్నాడు సేటు. "మూడింటికి ఆఫీసర్ ముంగట నిలబడాలె. గిట్ల మొహాలు పెట్టుకొని పోతరా?" పన్నును వేలితో ప్లేటు అంచుకు నెట్టాడు. చేతులు కడుక్కుని వచ్చి నా వైపు చూశాడు. "బిడ్డా, ఆ పిన్నులు కొట్టింది నువ్వేనాయె. అన్నాచెల్లెండ్లు కలిసి చేసిన్రని రాపిస్త. ఇద్దరు పోతరు. మీ అమ్మను ఎవరు చూస్తరో నువ్వే చూసుకో."

"చెల్లె పేరు రాయకు" అన్నాడు అన్న. గోడకానుకుని కూర్చున్నాడు, చెయ్యి ఒళ్లో పెట్టుకుని. మొహం తెల్లగా పాలిపోయింది. "తేర్రి. పెడత."

"వద్దన్నా" అన్నాను.

"నువ్వు ఊకో. నీ లొల్లితోనే ఇంత దూరం వచ్చింది."

వాడు సంతకం పెడుతుంటే కాగితం జరుగుతోంది. అదిమిపట్టడానికి వాడికి రెండో చెయ్యి లేదు. నేను పట్టుకున్నాను. మా అన్న దొంగ అని రాసిన కాగితం కదలకుండా నేనే పట్టుకున్నాను. ఆ పాపం నేనెక్కడ కడుక్కోవాలి?

దవాఖానకు తీసుకుపొమ్మంటే సేటు వాచీ చూసుకున్నాడు. "మూడింటికి అయిపోతది. నాలుగింటికల్ల దవాఖాన్ల ఉంటం. అప్పటిదాంక ఐసు పెట్టు." ఎల్లప్ప సోడాబండి దగ్గరికి పోయి ఐసు తెచ్చాడు. తువ్వాలలో చుట్టి వాడే కట్టాడు. కడుతూ, నొస్తుందా అని అన్నను అడిగాడు. అడిగితే ఎవరికి లాభం?

కారులో అన్న నా పక్కన కూర్చున్నాడు. ట్రాఫిక్‌లో కారు కుదిపినప్పుడల్లా పళ్లు బిగబట్టేవాడు. చార్మినార్ దగ్గర ఆటోల మధ్య ఇరవై నిమిషాలు ఆగిపోయాం. కిటికీ అవతల గాజుల బండ్ల దగ్గర ఆడవాళ్లు బేరాలాడుకుంటున్నారు. తువ్వాల నుంచి నీళ్లు కారి నా ఒళ్లో పడుతున్నాయి, మొదట తెల్లగా, తర్వాత ఎర్రగా. నాకు ఒక్కటే తెలుసు. ఆ కాగితం చెల్లితే మా అన్న బతికినన్నాళ్లూ దొంగా, హంతకుడూ. చెల్లకపోతే లైసెన్సు తిరిగిరాదు, సేటు మమ్మల్ని బతకనివ్వడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

విచారణ గది చిన్నది. అధికారి శ్రీహిత అని బల్ల మీద పలక ఉంది. ముప్పై ఏళ్లుంటాయి, ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. సేటు, వకీలు ముందు కుర్చీల్లో కూర్చున్నారు. మనీష్ మూతికి మాస్కు పెట్టుకుని వాళ్ల వెనక. మేమిద్దరం గోడ పక్కన బెంచీ మీద. గుమ్మంలో హోంగార్డు.

ఆమె అఫిడవిట్ రెండుసార్లు చదివింది. "డానియేలు, ఈ సంతకం మీదేనా?"

"నాదే మేడం."

"చేతికి ఏమైంది?"

"కింద పడ్డ మేడం."

ఆమె వాడి చేతి వైపు కొంచెంసేపు చూసి నా వైపు తిరిగింది. "ట్రిప్ షీట్లు రాసేది మీరా?"

లేచి నిలబడ్డాను. "నేనే మేడం. బియ్యం బండికి మా అన్న కాగితం పెట్టింది నేను. వేరే బండ్లకు గూడ పెట్టిన. సేటుకు ఎరుకే. మా అన్న బియ్యం బండిల లేడు. జల్‌పల్లి బండిల గూడ లేడు. జ్వరమొచ్చి ఇంట్ల పండుకున్నడు. బండి నడిపింది మనీష్. పొద్దుగాల జాకీ రాడ్ తోటి కొట్టి ఈ సంతకం తీసుకున్నరు."

వకీలు లేచాడు. సేటు మెల్లగా, "అన్న మీద ప్రేమతోటి మాట్లాడుతుంది మేడం, పాపం" అన్నాడు.

అన్న కూడా లేచాడు. "మా చెల్లెకు కోపమెక్కువ మేడం. కోపంల ఏదో అంటది. నేనే నడిపిన." నా వైపు చూడనే లేదు. నన్ను తప్పించడానికే అంటున్నాడని తెలిసినా, వాణ్ని అక్కడే చెంపదెబ్బ కొట్టాలనిపించింది.

శ్రీహిత పెన్ను కింద పెట్టింది. "సంతకం చేసిన అఫిడవిట్ నా ముందు ఉంది. సంతకం చేసిన మనిషి కాదనడం లేదు. మీ మాటకు ఏదైనా ఆధారం ఉందా?"

లేదు. ఒక్క కాగితం లేదు. కాగితాలతో పదకొండేళ్లు అబద్ధాలు చెప్పిన దాన్ని, నిజం చెప్పడానికి నాకు ఒక్క కాగితం దొరకలేదు. మనీష్ వైపు చూశాను. మాస్కు పైన కళ్లు నవ్వుతున్నాయి. ఆ కళ్లు చూశాకే తోచింది. వాడి కోపం నాకు బాగా తెలుసు, నాదీ అదే జాతిది కదా. ఎక్కడ గిల్లితే లేస్తుందో కూడా తెలుసు.

"ఆధారం లేదు మేడం" అన్నాను. "గని ఒక్కటి చెప్త. ఆ బండి నడిపినోడు డ్రైవర్ కాదు. మా అన్నే అయితే జోయెల్ బతికేటోడు. ముందు టైరు ఎక్కంగనె బండి ఆపేటోడు. ఆ నడిపినోనికి బ్రేకేదో క్లచ్చేదో తెల్వదు. భయపడి యాక్సిలేటర్ తొక్కిండు. యార్డుల డ్రైవర్లందరు నవ్వుకున్నరు మేడం, ఎడ్లబండి గూడ తోలరాదు వీనికని. లారీ దిగి ఉరికి, టైర్ల కుప్ప యెనక దాక్కొని ప్యాంటు తడుపుకున్నడు."

వకీలు ఏదో అనబోయాడు. మనీష్ కుర్చీ మీది నుంచి దూకాడు. మొదటి గుద్దు నా కంటి మీద పడింది. కింద పడ్డాను. మాస్కు ఊడిపోయింది, చీలిన పెదవి మళ్లీ తెరుచుకుని రక్తం నా మీద చిందుతోంది. కడుపులో తన్నాడు, భుజం మీద తన్నాడు. తంతూ అరుస్తున్నాడు: "బ్రేకే కొట్టిన్నే. పూరా తొక్కిన. వాడే అడ్డమొచ్చిండు. పూరా తొక్కినంక గూడ ఆగకపోతె నేనేం జేయాలె?"

గది మొత్తానికి వినిపించింది. వాడికి మాత్రం తానేమన్నాడో ఇంకా తెలియలేదు, కాలు ఎత్తుతూనే ఉన్నాడు. అప్పుడు మా అన్న వచ్చాడు. జన్మలో ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి, కుడి చేత్తో మనీష్ మెడ పట్టుకుని గోడకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. సున్నం రాలింది. సేటు పైలంగా కాపాడిన చెయ్యి అది, బాగానే పనిచేసింది. హోంగార్డు, ఇంకో ఇద్దరు కలిసి లాగితే గానీ వదల్లేదు.

వకీలు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. సేటు కళ్లు మూసుకున్నాడు. శ్రీహిత లేచి నిలబడి ఉంది. పోలీసులకు ఫోన్ చేయమని చెప్పి, కూర్చుని, మనీష్ అన్న మాటలు అన్నవి అన్నట్టు రాసుకుంది. రాశాక నా వైపు చూసి, "మీరు చెప్పినది కూడా రాయాలి. మీ మీద కేసు అవుతుంది, తెలుసు కదా?" అని అడిగింది.

"తెలుసు మేడం, రాసుకోండి" అన్నాను. కన్ను అప్పటికే మూసుకుపోయింది.

మనీష్‌ను ఆ సాయంత్రమే తీసుకుపోయారు. పోలీసులకు అబద్ధం చెప్పినందుకు అన్న మీద, తప్పుడు రికార్డులు రాసినందుకు నా మీద కేసులు పెట్టారు. మూడు వారాలకు ఉత్తర్వు వచ్చింది. కంపెనీ మనుషులే నిజం బయటపెట్టారు కాబట్టి, మనీష్‌కు కంపెనీలో ఏ పాత్రా ఉండకూడదనీ, ప్రతి లారీకి నడిపేవాడి కాగితమే పెట్టాలనీ షరతులతో వైకుంఠం రోడ్‌లైన్స్‌కు లైసెన్సు తిరిగి ఇచ్చారు. సేటుకు కావలసింది వచ్చింది. వకీలు మొదటి రోజు చెప్పిన దారిలోనే వచ్చింది. ఆ దారినే పోయి ఉంటే, ఆ గురువారం పొద్దున సేటు ఇడ్లీ తినేసి చెయ్యి కడుక్కుని ఉండేవాడు, అంతే. అది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

లారీలు మళ్లీ రోడ్డెక్కిన రోజు అన్న సర్కారు దవాఖానలో ఉన్నాడు. రెండో ఆపరేషన్ అయింది. ఆ గురువారం నాలుగు గంటలకు పోవాల్సినవాళ్లం రాత్రి ఎనిమిదింటికి చేరాం. రెండు వేళ్లు తీసేశారు. మిగతావి వంగవని డాక్టర్ నాతో వరండాలో చెప్పాడు. వాడికి నేను ఇంకా చెప్పలేదు. కమలాపండు వలిచి ఒక్కో తొన నోట్లో పెడుతున్నాను.

"బండ్లు కదిలినయా?" అని అడిగాడు.

ఆ మాటకు వాడి రెండో చెయ్యి కూడా విరగ్గొట్టాలనిపించింది నాకు. "కదిలినయ్" అన్నాను.

"నా బండి ఎవలు తోలుతున్నరు?"

"జడ్చర్ల నుంచి ఎవరో కొత్తాయన వచ్చిండంట."

అన్న నోట్లోని తొన మింగాడు. "రెండో గేరు పట్టేస్తది దానికి" అన్నాడు. "జోరు జేస్తె గేరు పండ్లు పోతయి. ఫస్టు ముంగటికి నూకి, జర ఆగి, ఎనుకకు గుంజాలె. గిట్ల." కట్టుకట్టిన ఎడమ చెయ్యి దుప్పటి మీది నుంచి పైకి లేచింది. గాలిలో మెల్లగా ముందుకు పోయి, ఆగి, వెనక్కి వచ్చింది. "జెప్తవా ఆయనకు?"

చెప్తానన్నాను. వరండాలోకి వచ్చి, మెట్ల మీద కూర్చుని, పక్కవాళ్లు తిరిగి చూసేంత ఏడ్చాను. తర్వాత మొహం తుడుచుకుని యార్డుకు ఫోన్ చేశాను. ఎత్తింది ఎల్లప్ప. రెండో గేరు మెల్లగా వెయ్యమని మా అన్న చెప్పమన్నాడని చెప్పి పెట్టేశాను.